ఊపిరి పోసిన నాడె

పోయిన వారం మనం ఎల్లేశాన్ని కరీంనగరం దవాఖానాలో నోరు తెరిచి, నాలుక బయటపెట్టి ఉన్నవాణ్ని ఉన్నట్టే వదిలేసి వచ్చాం. వారం రోజులూ పాపం అట్లాగే కూర్చున్నాడేమోనని బెంగ పెట్టుకోకండి. డాక్టరు దేవదాసు అతని నాలుకను మెత్తటి గుడ్డముక్కతో పట్టుకుని, పొడుగు కాడ ఉన్న చిన్న గుండ్రటి అద్దాన్ని స్పిరిటు దీపం మీద వెచ్చచేసి, వేడి ఎక్కువైందేమోనని తన ముంజేతికి ఆనించి చూసుకుని, మెల్లగా గొంతు దాకా పంపాడు. 'ఈ' అనమన్నాడు. ఎల్లేశం అన్నాడు. తిత్తిలోంచి గాలి పోయినట్టు వచ్చింది. మూడుసార్లు అట్లా అనిపించి, అద్దం తీసి, మొహంలో మంచీ చెడూ ఏదీ కనబడనీయకుండా, ఎదకు ఫోటో తీయించుకోవడానికి ఒక చీటీ, పొద్దున లేవగానే తెమడ పట్టి పంపడానికి మూడు చిన్న డబ్బీలు చేతిలో పెట్టి గురువారం రమ్మన్నాడు. ఇవాళ ఆ గురువారం.

సిరిసిల్లలో ఎల్లేశం ఇల్లెక్కడ అంటే ఏ ఎల్లేశం అని ఎదురు అడుగుతారు. సీతెల్లేశం అంటే మాత్రం చెయ్యి పట్టుకుని తీసుకుపోయి గుమ్మం ముందు నిలబెడతారు. నలభై మూడేళ్ల మనిషికి ఆ పేరేమిటని కొత్తగా చదువుతున్నవాళ్లు అడగొచ్చు. పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు, జనం మళ్లీ గొంతెత్తి మాట్లాడుకోవడం మొదలుపెట్టిన రోజుల్లో, సాలెల వాడలో పదకొండు దినాలు చిరుతల రామాయణం ఆడారు. రాముడు అంకయ్య, సీత ఎల్లేశం. ఇద్దరివీ పక్కపక్క గుంట మగ్గాలు. అశోకవనంలో సీత పాట ఎత్తుకుంటే వాడలోని ముసలమ్మలు కొంగులు తడుపుకునేవారు. చేతుల్లోని చిరుతలు తాళానికి కొట్టాల్సిన ఆటగాళ్లే కొట్టడం మరిచి వింటూ నిలబడేవారు. ఏటా నవమికి నెల ముందు ఎల్లేశం మీసం తీసేస్తే, ఎండలు ముదిరాయని ఊరు లెక్క కట్టుకునేది. అట్లా పన్నెండేళ్లు సీతా మారలేదు, రాముడూ మారలేదు. రెండేళ్ల కింద రాముడే దగ్గి దగ్గి కన్నుమూశాడు.

మొన్న దసరా నుంచి సీతకు గొంతు బొంగురు పోయింది. మొదట్లో వాడకు అదొక నవ్వులాట. సీత గొంతులో రావణుడు దూరిండని ఆడవాళ్లు నవ్వారు. దీపావళికి నవ్వు తగ్గింది. మాఘం వచ్చేసరికి ఎవరూ ఆ మాట ఎత్తడమే మానేశారు. కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకున్నాడు, మిరియాల కషాయం తాగాడు, అడ్డసరం ఆకు నమిలాడు, పట్టీలు కట్టే డాక్టరు చేత పెన్సిలిన్ సూదులు పొడిపించుకున్నాడు. మందు మారిన కొద్దీ గొంతు తగ్గింది కాని రోగం తగ్గలేదు. నవమి ఇంక ఇరవై రోజులే ఉంది. మీసం అట్లాగే ఉంది.

దవాఖానా వరండాలో బల్ల మీద అతని పక్కన పెండ్లాం పోచవ్వ కూర్చుంది. ఆమెకున్న భయానికి పేరుంది కాని ఆ పేరు నోటితో అనదు. ఆమె మేనమామ ఒకాయన గొంతులో రాచపుండు లేచి, చివరికి నీళ్లు కూడా దిగక పోయాడు. ఆయనకూ మొదట బొంగురే. ఆయనా బీడీలు తాగేవాడు. పోయిన వారం డాక్టరు రోజుకు ఎన్ని బీడీలని అడిగితే ఎల్లేశం పది అన్నాడు. కట్టకు ఎన్నుంటే అన్ని అని పోచవ్వ పక్కనుంచి దిద్దింది. డాక్టరు అడిగినవి ఒకటా రెండా. బొంగురు పొద్దున ఎక్కువా, పొద్దు గూకినంక ఎక్కువా. మింగితే నొప్పి చెవిలోకి పోటు పెడుతుందా. మాపటికి ఒళ్లు వెచ్చబడుతుందా. ధోవతి ముడి మునుపటి కంటె బిగించి కట్టాల్సి వస్తుందా. ఆఖరి ప్రశ్నకు ఎల్లేశం తన నడుం వైపు చూసుకున్నాడు. అప్పటిదాకా అతనికే తెలియదు, ముడి రెండు బెత్తలు లోపలికి పోయిందని.

పేరు పిలిచారు. లోపల దేవదాసు ఎక్స్‌రే ఫోటోను కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకుని ఉన్నాడు. యాభై ఏళ్ల మనిషి, నిర్మల్ వైపు పుట్టి పెరిగినవాడు, ఎంత చదివినా నోట్లో పుట్టిన ఊరి మాట పోనివాడు. కూర్చోమని, మాట్లాడొద్దని, అడిగిన దానికి తలకాయ ఊపితే చాలని చెప్పాడు. గుసగుసలాడినా గొంతుకు బరువేనట. సీతెల్లేశం జన్మలో మొదటిసారి ఒక మనిషి అతని నోరు మూయించాడు.

"మూడు వారాలు దాటి బొంగురున్న పెద్ద మనిషి ఎవరొచ్చినా నేను ముందు అద్దం పెట్టి చూస్త, ఎల్లేశం. చూడకుండ మందిచ్చుడంటే, బట్ట తాను విప్పకుండ దాంట్ల తప్పు ఎక్కడున్నదో చెప్పినట్టే. నీకు సూదులు పొడిచినాయన ఒక్కసారన్న లోపల చూసిండా?"

ఎల్లేశం తల అడ్డంగా ఊపాడు.

దేవదాసు కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. సాంచెల, అంటే కరెంటు మగ్గాల, రొదలో దినమంతా అరిచేవాళ్లకు గొంతు తీగెల మీద ఆనెలు కాస్తాయని, సాలెవాడి అరచేతిలో కాసినట్టే కాస్తాయని, అతనివి అవేనేమోనని తాను మొదట అనుకున్నాడని చెప్పాడు. అద్దంలో ఆనెలు కనబడలేదు. మెడలో గడ్డో, ఎదలో ఏదన్నా ఒత్తుడో ఉంటే ఒక పక్క తీగె చచ్చుబడి నిలబడిపోతుంది. ఎల్లేశం 'ఈ' అన్నప్పుడు రెండు తీగెలూ దగ్గరికొచ్చాయి. ఇన్ని మాటలూ చెప్పి డాక్టరు పోచవ్వ వైపు తిరిగాడు. ఆమె కొంగును నోటికి అడ్డం పెట్టుకుని, ఎప్పుడో మేనమామకు పడిన శిక్ష మళ్లీ వినబోతున్నట్టు కూర్చుని ఉంది.

"నువ్వు అనుకునేది కాదమ్మా. రాచపుండు కాదు."

పోచవ్వ ఏడ్చింది. ఏడుపుకు ముందు ఆమె మొహంలో వచ్చిన వెలుగును ఎల్లేశం చూశాడు. పెళ్లినాడు తెరసెల్ల దించినప్పుడు కూడా అంత వెలుగు చూడలేదు. కాని డాక్టరు మొహంలో ఆ వెలుగు లేదు. అతను ఫోటోలో కుడివైపు పైభాగాన మబ్బు పట్టినట్టున్న చోటును వేలితో చూపించాడు. తీగెల వెనక కొసకు, పురుగు కొరికిన గుడ్డలాగా, పుండ్లు ఉన్నాయన్నాడు. మూడు డబ్బీల్లో రెండింట్లో పురుగు దొరికిందన్నాడు.

"క్షయ. ఎదల మొదలువెట్టి గొంతుకు పాకింది. ఫికర్ చెయ్యకు, ఇప్పుడు దీనికి మందున్నది. రోజూ సూది, గోళీలు, ఏడాదిన్నర. నడుమల ఆపితే మాత్రం నేను జిమ్మేదారిని కాదు. గొంతు వస్తది. సీత గొంతు వస్తదా అంటే, గది నేను చెప్పలేను."

ఎల్లేశానికి చివరి మాట ఒక్కటే వినబడింది. బతుకుతావన్న మాట కంటె పాడతావో లేదోనన్న మాట గట్టిగా తగిలింది. మనిషి బుద్ధి అంతే, కొండంత ఇచ్చి గోరంత మిగుల్చుకుంటే గోరంత వైపే చూస్తుంది.

డాక్టరు ఇంకా వదల్లేదు. ఇంట్లో ఎవరన్నా దగ్గుతారా, కార్ఖానాలో ఎవరన్నా దగ్గేవారా, పక్కన కూర్చుని తినేవారెవరు, ఒకే చెంబుతో నీళ్లు తాగేవారెవరు అని అడిగాడు. తరవాత, పొద్దున్నుంచి మాపటిదాకా చేసే పనేమిటో చేతులతో చూపించమన్నాడు.

మాట వద్దన్నాక ఎల్లేశం చేతులే నోరు చేసుకున్నాడు. సాంచె నడుస్తూ ఉంటుంది. పేక దారాన్ని మోసే పడవలాంటి కొయ్య నాడె ఒకటి పడుగులో అటూ ఇటూ ఉరుకుతుంటే, ఇంకో నాడెలో దారం చుట్టిన కొత్త కండె వేసి సిద్ధంగా పెట్టుకోవాలి. ఎడమచేతిలో నాడె పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. కుడిచేత్తో కండె దింపాడు. దారపు కొసను నాడె లోపలి కంటి బెజ్జం దగ్గర పెట్టాడు. నాడెను నోటికి ఆనించి, బయటి వైపు నుంచి ఒక్క గుక్క పీల్చాడు. దారం కంట్లోంచి బయటికొచ్చినట్టు పెదవుల మీంచి వేళ్లతో అందుకున్నాడు.

దేవదాసు చేతిలోని కలం ఆగింది.

"మళ్లీ చూపియ్యి."

మళ్లీ చూపించాడు.

"గట్ల రోజుకు ఎన్నిసార్లు?"

లెక్క ఎవరు పెట్టారు. కండె అయిపోయినప్పుడల్లా. ఎల్లేశం రెండు చేతులూ చాచి గాలిలో పైకెత్తాడు.

"ఆ నాడె నీదేనా, ఇంకొకరు నోట్ల పెట్టుకున్నదా?"

ఎల్లేశం జవాబు చెప్పేలోపే డాక్టరు అతని పేరు రాసి ఒక పసుపుపచ్చ అట్టకార్డు బల్ల మీద ఇటు తోశాడు. సూది వేసిన ప్రతిరోజూ దాని మీద గుర్తు పడాలి. కార్డు నెత్తిన, నిలువు గీతకు రెండు అడ్డగీతలున్న ఎర్ర క్షయ గుర్తు ఒకటి అచ్చువేసి ఉంది. ఎల్లేశానికి అక్షరాలు కూడబలుక్కుంటే తప్ప రావు. ఆ గుర్తు మాత్రం అతనికి బాగా తెలుసు. అంకయ్య ఇంట్లో వాసానికి చెక్కి ఉండేది అటువంటి పసుపు కార్డు. ఏందిరా అదని ఒకసారి అడిగితే, సర్కారోళ్లిచ్చిన చక్కెర కార్డని అంకయ్య నవ్వాడు. ఆ ఇంట్లో చక్కెర వాసన తగిలి ఎన్నేళ్లయిందని ఎల్లేశం ఎగతాళి కూడా చేశాడు.

ఇక్కడ కథను ఒక్క నిమిషం వెనక్కి తిప్పక తప్పదు.

గుంట మగ్గాల కాలంలో సాలెవాడలో పనీ పాటా ఒకే చోట కూర్చునేవి. కాళ్లు గుంటలో, చేతులు మగ్గం పలక మీద, నోరు ఖాళీ. మగ్గం చప్పుడు పాటకు తాళంలా ఉండేది. అంకయ్య గోడ అవతలి నుంచి రాముడి మాట అందుకుంటే, ఎల్లేశం ఇవతల సీత మాట అందుకునేవాడు. ఆడవాళ్లు రాట్నాలు తిప్పుతూ తప్పులు దిద్దేవారు. తరవాత కరెంటు వచ్చింది, సాంచెలు వచ్చాయి. ముందు అంకయ్య పోయి నేర్చుకుని, చెయ్యి పట్టుకుని ఎల్లేశాన్ని తీసుకుపోయాడు. ఆ రొదలో పక్క మనిషిని ఉప్పు అడగాలన్నా అరవాల్సిందే. మొదటి దినం ఎల్లేశం బిత్తరపోయి నిలబడితే, అంకయ్య కొత్త నాడె ఒకటి తీసి, తొలి కండె తానే వేసి, తానే దారం పీల్చి అతని చేతిలో పెట్టాడు. "ఊపిరి పోసి ఇస్తున్న. ఇగ నీ పని ఆగది" అని చెవిలో అరిచాడు. అది శాస్త్రమూ కాదు, కులాచారమూ కాదు. అంకయ్య మనసులో పుట్టిన ముచ్చట. కాని ఆ కార్ఖానాలో అప్పటినుంచి కొత్తగా చేరిన ప్రతి ఒక్కరికీ పెద్దవాడెవరో ఒకరు ఊపిరి పోసి ఇవ్వడం ఆనవాయితీ అయిపోయింది. మంచి మనిషి ముచ్చటకు ఎదురు చెప్పేదెవరు.

అంకయ్యకు దగ్గు మొదలయ్యాక ఇంట్లోవాళ్లు అది దమ్ము, ఉబ్బసమే అన్నారు. చివరి నెలల్లో అతను తన నాడెను ఎవరినీ ముట్టనిచ్చేవాడు కాదు. ఒకసారి ఎల్లేశం తీసుకోబోతే చేతిలోంచి గుంజుకున్నాడు. పానం మీదికొచ్చినా పిసినారితనం పోలేదని ఎల్లేశం మనసులో నొచ్చుకున్నాడు. పోయే ముందు పెండ్లాం నాగవ్వకు చెప్పిన మాట ఒకటే. నా నాడె నాతోనే కాల్చుండ్రి. ఆమె అట్లాగే పాడె మీద, అతని కుడిచేతి పక్కన పెట్టింది. ఎల్లేశం పాడె దగ్గర మోకాళ్ల మీద కూలబడి, నాగవ్వ కాళ్లు పట్టుకున్నంత పని చేశాడు.

"గిదొక్కటి నాకియ్యి వదినా. వాని ఊపిరి దీంట్ల ఉన్నది."

నాగవ్వ అతని వైపు చాలాసేపు చూసింది. నోరు తెరిచింది. చుట్టూ జనం. జనంలో ఆమె చిన్నబిడ్డను చేసుకోబోయే వియ్యాలవారు కూడా ఉన్నారు. ఆమె నోరు మూసుకుంది. ఎల్లేశం పాడె మీంచి నాడె తీసుకుని గుండెకు హత్తుకున్నాడు. ఆ రోజు ఊరంతా మెచ్చుకుంది. స్నేహమంటే అదిరా అన్నారు. తెల్లారి నుంచి ఎల్లేశం సాంచె మీద ఆ నాడెతోనే పని చేశాడు.

అంకయ్య పిసినారి కాదు. తెలిసి దాచాడు, దాచి కూడా తనతో కాల్చమన్నాడు. చెప్పలేని మాటను చావుతో చెప్పబోయాడు. దాన్ని చితి దాకా పోనీయకుండా అడ్డం పడి తెచ్చుకున్నది తానే. బల్ల మీది కార్డును చూస్తూ ఎల్లేశం ఏడవడం మొదలుపెట్టాడు. స్నేహితుడి మీద కోపమూ, స్నేహితుడి మీద బెంగా రెండూ ఒకేసారి వచ్చి, దేనికి ఏడుస్తున్నాడో అతనికే తెలియలేదు.

పోచవ్వ డాక్టరుకు నాడె సంగతంతా చెప్పింది. దేవదాసు విన్నాడు. నాడె వల్లనే వచ్చిందని తాను ఒట్టు వేయలేనని, దగ్గేవాడి పక్కన అన్నేళ్లు నిలబడితే గాలిలోంచి కూడా వస్తుందని, అయినా పది నోళ్లు పెట్టిన కట్టెను మంచిదనడానికి తనకు నోరు రాదని అన్నాడు. నాడె కంట్లో కొక్కెం లాంటి తీగె పెట్టి దారం లాగితే నోటితో పనేముందని కూడా అడిగాడు. ఏమో, సాలెవాళ్లకు ఎవరికీ తోచలేదు.

"ఆ నాడె ఇప్పుడు ఎక్కడున్నది?"

పోచవ్వ మొహంలోని వెలుగు అప్పుడు ఆరిపోయింది. ఆమె మొగుడి వైపు చూసింది. మొగుడు నేల వైపు చూశాడు. నాడె చొప్పదండిలో ఉంది. నెలా పదిరోజుల కింద, మాఘంలో పెళ్లయి అత్తగారింటికి పోయిన ఒక్కగానొక్క బిడ్డ అనసూర్య చేతిలో ఉంది. అల్లుడింట్లో కొత్తగా నాలుగు సాంచెలు పెట్టుకున్నారు. మా బిడ్డ ఒట్టి చేతులతో రాలేదనిపించుకోవాలని, అంకయ్య నాడెనే సారెలో పెట్టాడు ఎల్లేశం. పెట్టి ఊరుకున్నాడా. అందరి ముందూ కొత్త కండె వేసి, ఆ బొంగురు గొంతుతోనే దీవించి, తన నోటితో దారం పీల్చి, ఊపిరి పోసి ఇచ్చాడు.

డాక్టరు గొంతు మారలేదు కాని మాటలు తగ్గాయి. ఆ నాడె నోట పెట్టిన ప్రతి ఒక్కరినీ తీసుకురావాలి. దగ్గు లేకున్నా సరే. ఎవరికన్నా గొంతు మారితే ఒక్కరోజు కూడా ఆగొద్దు. తొందరగా పట్టుకుంటే తొందరగా పోతుంది. తొలి సూది వేయించి పంపాడు.

బస్సుల అడ్డాలో వేపచెట్టు నీడన ఇద్దరూ నిలబడ్డారు. ఒక పక్క సిరిసిల్ల బస్సు, ఒక పక్క చొప్పదండి పోయే బస్సు. పోచవ్వ గొంతు తగ్గించి మాట్లాడింది. ఆమె చెప్పినదాంట్లో తెలివి లేదనలేం. క్షయ ఇల్లని తెలిస్తే ఆ అత్త పిల్లను గడపలో ఉండనిస్తుందా. మాఘంలో పోయిన పిల్ల చైత్రంలో తిరిగొస్తే ఊరు ఏమంటుంది. నాగవ్వ తన మొగుడి నాడె తిరిగి అడుగుతున్నదని ఒక మాట చెప్పి తెచ్చుకుంటే సరిపోదా. పిల్లను నవమి పండుగకని పిలిచి, అప్పుడు దవాఖానాలో చూపించుకోవచ్చు. ఎల్లేశం తల ఊపలేదు.

"అనసూర్య బాపూ, నాగవ్వ చెప్పలే. ఆమె బిడ్డ సంసారం చేసుకుంటలేదా?"

ఎల్లేశం కుడిచేతి వేలు ఎత్తి తన గొంతు చూపించాడు. నాగవ్వ చెప్పకపోవడం వల్ల ఏమైందో అక్కడే ఉంది. పోచవ్వ ఆ వేలునూ చూసింది, గొంతునూ చూసింది. సద్దిమూట అతని చేతిలో పెట్టింది. తాను వస్తే పిల్లను చూసి ఏడుస్తానని, ఏడిస్తే ఆ ఇంట్లో అందరికీ అన్నీ తెలిసిపోతాయని, అందుకే రానంది.

"ఏం చెప్తవో నీ ఇష్టం. పెండ్లయి ఇంకా రెండు నెలలు కాలే అన్నది మాత్రం మతికి పెట్టుకో."

చొప్పదండి బస్సులో అతను కిటికీ పక్కన కూర్చుని, తువ్వాలు నోటికి అడ్డం కట్టుకున్నాడు. పంపేటప్పుడు డాక్టరు చెప్పిన మొదటి జాగ్రత్త అదే. దారి పొడుగునా మక్క చేన్లు కోసిన మోళ్లు. అబద్ధం చెప్పాలా నిజం చెప్పాలా అని అతని లోపల మనుషులు ఒకరితో ఒకరు కొట్లాడుకున్నారు. అబద్ధం వైపు పోచవ్వ ఉంది, నాగవ్వ ఉంది, లోకమంతా ఉంది. నిజం వైపు అంకయ్య ఒక్కడే, అదీ పాడె మీద పడుకుని ఉన్నాడు. బస్సు ఆగేసరికి ఎల్లేశం అబద్ధానికే ఒప్పుకున్నాడు. తండ్రి కదా. నాడె తెస్తాడు, పొయ్యిలో పెడతాడు, పిల్లను పండుగకని పిలుస్తాడు. ఇరవై రోజుల్లో మునిగిపోయేదేముంది.

అల్లుడిల్లు వీధి మలుపు నుంచే వినబడింది. నాలుగు సాంచెల రొద. వాకిట్లో బిడ్డ అత్త దేవవ్వ రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతోంది. వియ్యంకుణ్ని చూసి లేచి, కాళ్లకు నీళ్లిచ్చి, మూతికి ఆ తువ్వాలేందని అడిగింది. ఎల్లేశం గొంతు చూపించి చెయ్యి తిప్పాడు. ఆమె జాలిపడింది. తరవాత, వియ్యంకుడు మాట్లాడలేడు కదా అని ఆ లోటు కూడా తానే పూడ్చింది. కోడలి చెయ్యి మంచిదని, ఆమె వచ్చినంక బట్టలో ఒక్క తప్పు రాలేదని, కొడుకు నూలు కోసం కరీంనగరం పోయిండని చెప్పింది. ఆఖరికి, అన్నిటికంటె సంతోషమైన ముచ్చట చివరికి దాచుకున్నట్టు, రొద మించి అరుస్తూ చెప్పింది.

"మీ నాడె వచ్చినంకనే మా సాంచెలు తిన్నగ నడుస్తున్నయి అన్నా. మీ ఇంటి ఆనవాయితీ పిల్ల చెప్పింది. పొద్దున తొలి కండెకు నేనే ఊపిరి పోస్త. నా కొడుకు పోస్తడు, పిల్ల పోస్తది. ముగ్గురం పోసినంకనే పని."

ఎల్లేశం కాలు తగిలి నీళ్ల చెంబు ఒరిగిపోయింది. బస్సులో అంత కష్టపడి ఒప్పుకున్న అబద్ధం ఇప్పుడు ఎందుకూ పనికిరాకుండా పోయింది. పండుగకు బిడ్డనైతే పిలుస్తాడు, ఈమెను ఏమని పిలుస్తాడు. నవ్వుతూ మాట్లాడుతున్న ఈ మంచి మనిషి ముందు నిలబడి నాగవ్వ లాగా నోరు మూసుకుంటాడా. నాగవ్వ ఆ రోజు ఎంత కష్టపడి ఉంటుందో అతనికి మొదటిసారి అర్థమైంది. అర్థమైనా క్షమించలేకపోయాడు.

అతను లోపలికి నడిచాడు.

రేకుల కింద దూది ధూళి తెల్లగా తేలుతోంది. అనసూర్య అటు తిరిగి చివరి సాంచె దగ్గర నిలబడి ఉంది. పెళ్లికి పెట్టిన ఆకుపచ్చ చీరే కట్టుకుని, కొంగు నడుముకు చెక్కుకుంది. ఎడమచేతిలో నాడె ఉంది. అరిగి నల్లబడిన దాని వీపు మీద అంకయ్య మేకుతో గీసుకున్న గుర్తు ఇంత దూరానికి కనబడకున్నా ఎల్లేశానికి కనబడింది. ఆమె ఖాళీ కండె తీసింది. కొత్తది దింపింది. దారం కొస సరిచేసింది.

నెలా పదిరోజుల్లో ఎన్ని వందలసార్లు పీల్చిందో, ఇంకొక్కసారితో కొత్తగా ఏమైపోతుందని లెక్క తెలిసినవాళ్లు అనొచ్చు. తండ్రి లెక్క అది కాదు. ఆమె నాడె నోటి దాకా ఎత్తింది. ఎల్లేశం డాక్టరు మాట మరిచి, తువ్వాలు గుంజి పారేసి, ఒంట్లో ఉన్న బలమంతా కూడగట్టి, "వద్దు బిడ్డా" అని అరిచాడు.

గాలి వచ్చింది. మాట రాలేదు. పన్నెండేళ్లు వాడంతటినీ ఏడిపించిన గొంతు, కావలసిన ఒక్క క్షణంలో, పది అడుగుల దూరంలో ఉన్న కన్నబిడ్డకు చేరలేదు.

అనసూర్య ఒక్క గుక్క పీల్చి, దారం కొస పెదవుల మీంచి తీసుకుంది. అప్పుడు ఎందుకో వెనక్కి తిరిగింది. తండ్రిని చూసింది. మొహమంతా నవ్వయింది. ఆమె పెదవులు కదిలాయి. బాపూ అన్నదని తెలుస్తూనే ఉంది. ఆ పిలుపు ఎప్పటిలాగే ఉందా, మారిందా అన్నది మాత్రం నాలుగు సాంచెల రొదలో అతనికి వినబడలేదు. ఆమె ఇంకా ఏదో అన్నది. అని, ఒకచేత్తో గొంతు సవరించుకున్నట్టు మెడ తడుముకుని నవ్వింది. అతని మొహం చూసి ఆ నవ్వు సగంలో ఆగింది.

అనసూర్య నాడెను సాంచె ముందరి దండె మీద పెట్టి, సాంచె ఆపే పిడి మీద చెయ్యి వేసింది. ఒకటి ఆగింది. రెండోదాని వైపు నడిచింది, అదీ ఆగింది. మూడోదీ ఆగింది. వాకిట్లో దేవవ్వ రాట్నం వదిలి, ఏమైందోనని గుమ్మం దాకా వచ్చి నిలబడింది. అనసూర్య నాలుగో సాంచె పిడి పట్టుకుంది. ఎల్లేశం బిడ్డ గొంతు కోసం చెవులు రిక్కించాడు.

నాలుగో సాంచె కూడా ఆగింది.